చిన్నబోయిన అక్షరాలు

మొన్న నా ఫోను పాడైపోతే కొత్తది కొనుక్కుందామని కృష్ణానగర్ మెయిన్ రోడ్డు మీద ఒక దుకాణానికి వెళ్ళాను. నేను ఫోనును మొహానికి దగ్గరగా తెచ్చుకుంటూ, మళ్ళీ దూరంగా జరుపుకుంటూ అవస్థ పడుతుంటే కౌంటరు దగ్గరున్న అమ్మాయి చూసి, "అక్షరాలు పెద్దవి చెయ్యాలా ఆంటీ?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండానే తెర మీద ఒక గీతను వేలితో పక్కకు జరిపి నా చేతికిచ్చేసింది. అక్షరాలన్నీ పెద్దవయ్యాయి. ఏదీ అంచు దాటి పోలేదు, ఏదీ సగంలో తెగలేదు. అరనిమిషం కూడా పట్టలేదు. ఆ అమ్మాయి నవ్వుతూ నా వైపు చూసింది గానీ నాకు నవ్వు రాలేదు. సరిగ్గా ఈ పని కోసమే ఒకప్పుడు మా ఇంట్లో మూడు వారాల పాటు నేను పడ్డ చికాకు, నోరు పారేసుకుని అన్న మాటలు, చేసిన ఒక తప్పు, అన్నీ ఆ కౌంటరు ముందు నిలబడగానే గుర్తుకొచ్చాయి.

మా వారు సినిమా పేర్లు రాసేవారు. పోస్టరు మీద, పత్రికల ప్రకటనల్లో, ఆ తరవాత హాల్లో దీపాలార్పగానే తెర మీద కనిపించే పెద్ద పెద్ద అక్షరాలున్నాయే, అవి రాయడమే ఆయన వృత్తి. విజయవాడ గాంధీనగర్లో బ్యానర్లు రాసే గురువుగారి దగ్గర కుంచె పట్టడం నేర్చుకుని, కొన్నేళ్ళు మద్రాసులో ఉండి, పరిశ్రమంతా ఒక్కొక్కటిగా హైదరాబాదు తరలివస్తుంటే ఆ వెనకే మేమూ రెండు ట్రంకుపెట్టెలతో, చంకలో పిల్లతో వచ్చి ఫిల్మ్‌నగర్ కొండవాలులో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగాం. మీలో నా ఈడు వారికి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో అక్కడ ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువ. ఆటోవాళ్ళు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా వచ్చి, ఆ పైన చడావు ఎక్కలేమని దింపేసేవాళ్ళు. నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజు పండగ, రాని రోజు పక్కవాటా వాళ్ళతో తగువు.

మా వారికి అక్షరమంటే మనిషితో సమానం. తలకట్టు నిటారుగా ఉంటే ఆ అక్షరానికి పొగరెక్కువైందనేవారు, కొమ్ము మరీ కిందికి జారితే నీరసంగా ఉందనేవారు. మన తెలుగు అక్షరాల్లో గీతల కంటే వంపులే ఎక్కువ కదా, ఆ వంపు ఎక్కడ మొదలై ఎక్కడ సన్నబడి ఎక్కడ తిరగాలో ఆయన చేతికి తెలిసినంతగా నోటికి తెలియదు. ఎవరైనా అడిగితే చెప్పలేక, కాగితం మీద గీసి చూపించేవారు. అంత చెయ్యి ఉన్న మనిషి, తొంభైలు సగం దాటేసరికి ఆఫీసులవాళ్ళు ఒక్కొక్కరే "కాగితం మీద వద్దండీ, కంప్యూటర్లో చేసి ఫ్లాపీలో ఇవ్వండి" అనడం మొదలుపెడితే, ఆ మాట విన్న ప్రతిసారీ ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినేవారు కాదు.

అందుకని కంప్యూటర్ నేర్చుకున్నది నేను. అప్పటికి వెంగళరావు నగర్లో ఒక బడి ఆఫీసులో టైపు పని చేసేదాన్ని. సాయంత్రాలు అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. చెప్పులు బయట విడిచి, చల్లటి గదిలో, ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురేసి కూర్చుని నేర్చుకునేవాళ్ళం. మా పంతులుగారు తెర రిజల్యూషన్ గురించి ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పి బోర్డు తుడిచేశారు. నాకది అర్థమైంది ఇంటి ముందు ముగ్గు వేస్తున్నప్పుడు. వాకిలి అంతే ఉంటుంది, అందులో తక్కువ చుక్కలు పెడితే ముగ్గు పెద్ద పెద్ద గళ్ళతో మోటుగా వస్తుంది, గుప్పెడు గీతలకే వాకిలి నిండిపోతుంది. అదే వాకిట్లో ఎక్కువ చుక్కలు పెడితే ప్రతిదీ చిన్నదవుతుంది గానీ ముగ్గు నాజూగ్గా వస్తుంది, ఇంకా బోలెడు పడుతుంది. కంప్యూటర్ తెర కూడా అంతే. అడ్డంగా ఆరువందల నలభై చుక్కలా, ఎనిమిది వందలా అన్నదే తేడా. ఇంత చిన్న సంగతి మా ఇంట్లో అంత చిచ్చు పెడుతుందని అప్పుడు అనుకోలేదు.

శ్రీనగర్ కాలనీలో ఒక పబ్లిసిటీ ఆఫీసువాళ్ళు కొత్తవి కొనుక్కుని పాతవి అమ్మేస్తుంటే మేము ఒకటి తెచ్చుకున్నాం. బల్ల మీద పెట్టి, స్టెబిలైజరు తగిలించి, దుమ్ము పడకుండా పాత చీర చింపి గలేబు కుట్టాను. ఆ పైన పని ఇలా సాగేది. మా వారు మామూలుగానే కాగితం మీద కుంచెతో పేరు రాస్తారు. దాన్ని అమీర్‌పేటలో స్కాన్ చేయించుకొస్తాను. సాయంత్రం బడి నుంచి వచ్చాక నేను మౌసుతో ఆ అక్షరాల అంచుల వెంబడి చుక్క చుక్కా పెడుతూ కంప్యూటర్లోకి దించుతాను. మర్నాడు పగలు నేను ఇంట్లో లేనప్పుడు ఆయన కూర్చుని వంపులు సరిచేస్తారు. ఏడాది పాటు ఇబ్బందేమీ లేకుండా గడిచింది.

ఆ వర్షాకాలం ఒక పిడుగు పడ్డ మధ్యాహ్నం కరెంటు ఇలా పోయి అలా వచ్చింది, మా కంప్యూటరు నోరు మూసుకుంది. యూసుఫ్‌గూడలో ఒక మెకానిక్ ఉండేవారు. యాభై దాటిన మనిషి. వాల్వు రేడియోల కాలం నుంచి టీవీల దాకా అన్నీ బాగుచేసి, ఎవరూ నేర్పకుండా తనంతట తానే కంప్యూటర్ నేర్చుకున్నవారు. ఆయన వచ్చి రెండు రోజులు కూర్చుని లోపలున్నవన్నీ కొత్తగా ఎక్కించారు. కంప్యూటరు లేచింది గానీ తెర చూస్తే నాకు గుండె జారిపోయింది. రంగులు పదహారే, వెలిసిపోయిన క్యాలెండరులా ఉంది. అక్షరాలు ఇటుకలంత. తెర మీద ఏ విండో తెరిచినా దాని అడుగు భాగం తెర కిందికి దిగిపోయి, నొక్కాల్సిన గుర్తు కనబడదు. కనబడని గుర్తును నొక్కడమెలాగో మీరే చెప్పండి. తెరకు బొమ్మలు పంపే కార్డొకటి లోపల ఉంటుందనీ, దాన్ని నడిపే ఫ్లాపీ విడిగా ఉంటుందనీ, అది పోగొట్టుకుంటే ఇంతే సంగతులనీ మెకానిక్ చెప్పారు. ఆ ఫ్లాపీ మాకు అమ్మినవాళ్ళ దగ్గర లేదు. ఆ కార్డు ఏ రకమో దాని మీద రాసి లేదు. ఆయన దాన్ని ఊడదీసి, బంగారు రంగు పళ్ళను పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది రుద్ది శుభ్రం చేసి, చిప్పు మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న నంబరు రాసుకుని, కోఠీ దాకా తిరిగి ఆఖరికి ఆ ఫ్లాపీ సంపాదించుకొచ్చారు. ఎనిమిది వందల చుక్కలతో తెర మళ్ళీ నాజూగ్గా వెలిగింది. ఆ సాయంత్రం నేను పాయసం చేశాను.

సరిగ్గా అప్పుడే మా వారికి జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద నిర్మాణ సంస్థ నుంచి కబురొచ్చింది. కొత్త సినిమా పేరు రాయాలి, ముహూర్తం రోజు పత్రికల్లో పేజీ నిండా ప్రకటన వస్తుంది. వాళ్ళ మేనేజరు చేతిలో ఏడాదికి ఆరేడు సినిమాలుండేవి. ఈ ఒక్కటీ నచ్చితే ఆ పైన అన్నీ మనకేనని మా వారు చెబుతుంటే ఆయన మొహంలో చాలా కాలానికి వెలుగు చూశాను.

నాలుగో రోజు బడి నుంచి వచ్చి గలేబు తీసి చూద్దును కదా, తెర మళ్ళీ ఇటుకల్లాంటి అక్షరాలతో ఉంది. ఆరువందల నలభై. రంగులు సరిగ్గానే ఉన్నాయి, కొలత మాత్రం వెనక్కి వెళ్ళిపోయింది. పోనీలే అనుకుని, సెట్టింగుల్లో కొలతను తక్కువ నుంచి ఎక్కువకు జరిపే మీటను మౌసుతో జరిపి, కంప్యూటరును ఆర్పి వెలిగించి, అది లేచేదాకా బియ్యం ఏరుకుంటూ కూర్చుని సరిచేశాను. మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే. ఆ మర్నాడూ అదే. రోజూ నేను పెంచడం, తెల్లారి నేను బడికి వెళ్ళి వచ్చేసరికి అది తగ్గిపోవడం. బడిలో టైపు కొడుతున్నా మనసంతా ఆ తెర మీదే, ఇవాళైనా నిలబడిందా లేదా అని. మా వారిని అడిగితే, "ఏమో, నేను చూసుకోలేదు" అనేవారు. నాకు ఆ మాట కూడా కోపం తెప్పించేది. ఇంత కష్టం నా ఒక్కదాని నెత్తినే పెట్టి తను మాత్రం పట్టనట్టు ఉన్నారని.

ఒక రోజు ఒళ్ళు మండి, ఎనిమిది వందలు కాదు, ఉన్నంతా తీసుకో అని ఆ మీటను కుడివైపు చివరికంటా లాగేశాను. తెర నల్లబడి, అడ్డగీతలు పరుగెత్తి, లోపలి నుంచి సన్నగా ఈల వెయ్యడం మొదలుపెట్టింది. ఆర్పి వెలిగించినా నలుపే. మళ్ళీ యూసుఫ్‌గూడ పరుగెత్తాను. మెకానిక్ వచ్చి, తెర తట్టుకోలేనంత పెట్టారమ్మా అని మందలించి, ఏవేవో మీటలు నొక్కి దారిలోకి తెచ్చారు. తెర తనంతట తనే ఎందుకు వెనక్కి పోతోందని అడిగితే కార్డు మార్చి చూశారు, కేబులు మార్చి చూశారు, నాలుగుసార్లు ఆర్పి వెలిగించి చూశారు. ఆయన ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంది. మర్నాటికి మళ్ళీ మామూలే.

పేరు అప్పగించాల్సిన రోజుకు ముందు సాయంత్రం కరెంటు లేదు. అది వచ్చేసరికి టైము మించిపోయింది, తెర ఎలా ఉంటే అలాగే పని చేద్దామని కూర్చున్నాను. ఆ తక్కువ చుక్కల్లో సగం తెరను పనిముట్ల గళ్ళే ఆక్రమించేవి. పేరు మొత్తం ఒకేసారి కనబడాలని చిన్నది చేస్తే వంపులు రంపపు పళ్ళలా అవుతాయి, పెద్దది చేస్తే రెండక్షరాలకు మించి కనబడవు. ఆ రెండేసి అక్షరాలే చూసుకుంటూ, ముందువి ఎక్కడున్నాయో మనసులో పెట్టుకుంటూ మొత్తానికి ముగించాను. పొద్దున్నే మా వారు ఫ్లాపీ పట్టుకెళ్ళారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు, అచ్చు తీసిన కాగితం చేతిలో ఉంది. ఆ రోజు బడికి సెలవు కావడంతో నేను ఇంట్లోనే ఉన్నాను. కాగితం బల్ల మీద పెట్టి, మేనేజరు అన్న మాట ఆయనలాగే అని చూపించారు.

"ఏంటండీ ఇది, అక్షరాలు మెట్లెక్కుతున్నాయి. మీరేనా రాసింది?"

నిజంగానే మెట్లెక్కుతున్నాయి. మొదటి రెండక్షరాల కంటే తరవాతి రెండూ గింజంత పైకి ఉన్నాయి, చివరిది ఇంకా పైకి. వారం గడువిచ్చారట, అప్పటికీ బాగా లేకపోతే ఇంకెవరికైనా ఇస్తారట. మా వారు చొక్కా కూడా విప్పకుండా మంచం మీద పడుకున్నారు. నాకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. ఆ కోపమంతా మెకానిక్ మీదికి మళ్ళింది.

కబురంపితే పాపం ఆ సాయంత్రమే వచ్చారు. ఆయన కూర్చోకముందే అందుకున్నాను. పాడైపోయిన కార్డు మాకంటగట్టారన్నాను, టీవీలు బాగుచేసుకునేవాళ్ళకు కంప్యూటర్లెందుకన్నాను, మా బతుకుతో ఆడుకున్నారన్నాను. ఆయన అంతా విని, సంచీలోంచి తీసిన రబ్బరు మళ్ళీ సంచీలో పెట్టుకున్నారు.

"అమ్మా, ముప్పై ఏండ్ల సంది గీ పని జేస్తున్న. నా చేతుల పడ్డ సామాను మీద అబద్ధం చెప్ప. గిదాంట్ల బీమారి ఏం లేదు. ఇంట్ల ఎవరో తిప్పుతున్నరు, జర అర్సుకోండి."

కాఫీ కలిపి తెచ్చేలోపు వెళ్ళిపోయారు. గ్లాసు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అంత మాట అన్నందుకు సిగ్గనిపించాలా, ఆయన అన్నదానికి కోపం తెచ్చుకోవాలా అని తేల్చుకోలేక కోపమే తెచ్చుకున్నాను. ఇంట్లో ఎవరో అంటే ఎవరు? నేనూ కాదు, మా వారూ కాదు. మిగిలింది మా అమ్మాయి.

అది అప్పుడు తొమ్మిదో తరగతి. నాకంటే గంటన్నర ముందు బడి నుంచి వచ్చేది. కంప్యూటర్లో ఇటుకలు పేర్చే ఆట ఒకటుంటే దానికి ప్రాణం. కొన్ని ఆటలు తెర కొలతను వాటంతటవే మార్చేస్తాయని ఇన్‌స్టిట్యూట్‌లో విన్నాను. అంతే, నాకు రుజువు దొరికిపోయినట్టయింది. ఆ రాత్రికి ఆ ఆట తీసేశాను, కంప్యూటరు జోలికి పోతే ఊరుకోనని చెప్పాను. "నేను కాదమ్మా" అంది, అంతకంటే ఇంకేమీ అనలేదు. ఊరికే ఒప్పుకునే పిల్ల కాదది, పక్కింటి వాళ్ళతో సైతం వాదించే రకం. అది అంత త్వరగా నోరు మూసుకోవడం చూసి, తప్పు చేసింది కాబట్టే అనుకున్నాను.

మూడు రోజుల తరవాత అయిదు గంటలకు ఇంటికి వచ్చాను. మా వారు కిటికీ పక్కన చాప మీద కూర్చుని కుంచెలు కడుగుతున్నారు. అమ్మాయి కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని ఉంది, చెయ్యి మౌసు మీద ఉంది. తెర మీద ఇటుకలంత అక్షరాలు. గడువు ఇంక నాలుగు రోజులు. చేతిలో సంచీ కింద పెట్టానో పడేశానో తెలియదు, దాని చెంప మీద కొట్టాను. నా జన్మలో దాని మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. అది ఏడవలేదు. చెంప పట్టుకుని నా వంక కాకుండా వాళ్ళ నాన్న వంక చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందు నుంచి పోదు.

"దాన్ని కొట్టకు," అన్నారాయన. కుంచె నీళ్ళలోనే వదిలేసి లేచి నిలబడ్డారు. "నేనే. రోజూ నేనే మారుస్తున్నాను."

"మీరా? ఎందుకండీ?"

"కనబడటం లేదే."

నాకు ముందు అర్థం కాలేదు. తెర కనబడటం లేదంటున్నారేమో, ఇంకా పెద్ద మానిటరు కావాలేమో అనుకున్నాను. అప్పుడు ఆయన గోడకు ఆనుకుని, తలవంచుకుని, నెమ్మదిగా అంతా చెప్పారు. ఏడాది నుంచి కళ్ళ ముందు పొగమంచు పట్టినట్టుందట. కుంచెతో రాసేటప్పుడు అక్షరం ఎలాగూ పెద్దదే కాబట్టి, చేతికి అలవాటే కాబట్టి నెట్టుకొచ్చారు. కంప్యూటర్లోనూ బొమ్మనైతే పెద్దది చేసుకోవచ్చు. కానీ పైన వరసలో ఉండే ఆ ఆజ్ఞల మాటలు, పక్కనుండే పనిముట్ల గుర్తులు, అవి బొమ్మతో పాటు పెరగవు కదా. ఎనిమిది వందలు పెడితే అవి ఆయనకు చీమల బారుల్లా కనిపించేవి. ఆ పిడుగు పడ్డాక మెకానిక్ ఫ్లాపీ కోసం తిరిగినన్నాళ్ళూ ఇటుకలంత అక్షరాలున్నాయి చూశారా, నాకు గుండె జారిన ఆ తెర ముందు ఆయన మాత్రం ఎన్నాళ్ళకో హాయిగా చదవగలిగారట. అది ఎక్కడ మారుతుందో మెకానిక్ మార్చేటప్పుడు చూసి నేర్చుకున్నారు. పని అయ్యాక తిరిగి పెట్టెయ్యాలనే అనుకునేవారట, పెడితే సరిగ్గా పడిందో లేదో చదవడానికి ఆ చిన్న అక్షరాలు కనబడేవి కావు.

భూతద్దం పెట్టుకుని తెర మీదికి వంగి ఉండగా ఒకరోజు అమ్మాయి చూసింది. అమ్మకు చెప్పకు, కంగారు పడుతుందని ఆయన మాట తీసుకున్నారు. అది ఆ మాట నిలబెట్టుకుంది. ఆ సాయంత్రం అది మౌసు పట్టుకుంది ఆట కోసం కాదు, నేను వచ్చేలోపు తెరను మళ్ళీ ఎనిమిది వందలకు మార్చి పెట్టడానికి.

నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. గట్టిగానే అడిగాను, ఏడుస్తూ అడిగాను. ఫిల్మ్‌నగర్‌లో పొద్దున ఒక మాట పొక్కితే సాయంత్రానికి అది శ్రీనగర్ కాలనీ దాకా దిగిపోయే రోజులవి. టైటిల్స్ రాసే ఆయనకు కళ్ళు పోయాయట అన్న మాట ఒక్కసారి పుడితే ఇంక ఎవరు పిలుస్తారు? అదొక భయం. రెండో భయం, గాంధీనగర్ గురువుగారికి ముసలితనంలో కంటి ఆపరేషను చేయిస్తే ఆ కన్ను పూర్తిగా పోయింది, మా వారు దగ్గరుండి చూశారు. ఈ రెండు భయాలూ దిగమింగుకుని ఏడాది పాటు నా ఎదురుగానే తిరిగారు. నేనేమో ఏ రోజుకారోజు ఆ కంప్యూటరుకు ఏమైందో, ఏమైందో అని దాన్నే పట్టుకుని కూర్చున్నాను గానీ, ఆయన పేపరు చదవడం ఎప్పుడు మానేశారో కూడా గమనించలేదు.

గడువు నాలుగు రోజులు కదా. తెరను ఎనిమిది వందలకు పెట్టాను, అది అక్కడే ఉండిపోయింది. కొత్త పద్ధతి ఒకటి పట్టాం. నేను దించిన అక్షరాలను చాలా పెద్దగా, ముక్కలు ముక్కలుగా కాగితాల మీద అచ్చు తీయించి తెచ్చి, వాటిని అన్నం మెతుకులతో అతికి గోడకు తగిలించేవాళ్ళం. ఆయన గోడకు మూరెడు దూరంలో నిలబడి, ఆ వంపుల వెంట మొహాన్ని జరుపుకుంటూ పోయి, తప్పున్న చోట ఎర్ర పెన్సిలుతో గీసేవారు. "ఈ సుడి ఇంకొంచెం లోపలికి తిప్పు. ఈ తలకట్టు చివర ఎత్తు, దానికి కాస్త ప్రాణం రావాలి" అంటూ. నేను ఆ ఎర్ర గీతలను బట్టి సరిచేసేదాన్ని. మళ్ళీ అచ్చు, మళ్ళీ గోడ. అమ్మాయి కాగితాలు అతికేది. నాతో అవసరమైనంత వరకే మాట్లాడేది. నేను క్షమించమని అడగలేదు, మా తరంలో తల్లులు అడిగేవారు కాదు. ఇప్పుడైతే అడిగి ఉండేదాన్ని.

చివరి రోజు నేనే ఫ్లాపీ పట్టుకుని ఆ ఆఫీసుకు వెళ్ళాను, ఆయనకు జ్వరమని అబద్ధం చెప్పాను. మేనేజరు అచ్చు తీయించి, దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, "ఇదీ ఆయన చెయ్యంటే" అన్నారు. ముహూర్తం రోజు పేపరు నిండా ఆ పేరే. మా వారు ఆ పేజీని ముక్కుకు ఆనించుకున్నట్టు పట్టుకుని చాలాసేపు చూశారు.

ఆ నెలలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు, ముదిరిపోయాయి. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని డాక్టరమ్మ నన్ను కేకలేసింది, పడ్డాను. ముందు ఎడమ కన్ను, కొన్నాళ్ళకు కుడి కన్ను. ఆయన భయపడినట్టేమీ కాలేదు. రెండో కట్టు విప్పి ఇంటికొచ్చిన రోజు నేరుగా కంప్యూటరు ముందు కూర్చుని, చీమల బారుల్లాంటి ఆ మాటలన్నీ ఒక్కొక్కటే పైకి చదివి వినిపించారు. మేమిద్దరం చంటిపిల్లాడి మాటలు విన్నట్టు విన్నాం. ఆ తరవాత తాను అంతకుముందు ఏడాది చేసిన పేర్లన్నీ ఒక్కో ఫ్లాపీ పెట్టి తెరిచి చూసుకున్నారు. "ఇది నేనే రాశానా?" అన్నారొకచోట. నాకు ఏ తేడా కనబడలేదు. ఆయనకు కనబడింది. పొగమంచులో సరిచేసిన వంపులన్నీ ఊళ్ళో గోడల మీద, హాళ్ళ మీద ఉన్నాయి, ఇంక వాటిని ఎవరూ దిద్దలేరు.

మెకానిక్ దుకాణానికి నేనే నడిచి వెళ్ళాను. అన్న మాటలు వెనక్కి తీసుకోవడానికి వచ్చానని చెప్పాను. "గవన్నీ దిల్ల పెట్టుకుంటనా అమ్మా? సారు కండ్లు మంచిగైనయా, గది చెప్పుండ్రి" అన్నారు. స్టూలు లాగి కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. మా ఇంట్లో కాఫీ తాగకుండా పోయిన మనిషి తెప్పించిన ఆ చాయ్ తాగడం నాకు చాలా కష్టమైంది.

మేము భయపడిన మాట ఎవరూ పుట్టించలేదు. ఆయన కళ్ళ సంగతి బయటికి పొక్కలేదు, పొక్కినా ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. ఎందుకంటే కళ్ళు బాగుపడ్డ ఏడాదీ రెండేళ్ళలోనే తయారు అక్షరాలు, అదే ఫాంట్లు, వచ్చేశాయి. ఆఫీసులవాళ్ళే పేరు టైపు చేసుకుని, నచ్చిన మచ్చు ఎంచుకుని, రంగు పోసుకోవడం నేర్చుకున్నారు. ఆ జూబ్లీహిల్స్ మేనేజరు మరో రెండు సినిమాలు ఇచ్చి, ఆ పైన పిలవలేదు. చిన్న అక్షరాలన్నీ కనబడే కళ్ళతో మా వారు పని లేకుండా కూర్చున్నారు. ఆ తరవాత కొన్నాళ్ళు పెళ్ళిపత్రికలు రాశారు, బడి పిల్లలకు అక్షరాలు దిద్దించారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

మద్రాసు నుంచి వచ్చిన కొత్తల్లో బస్సులో వెళుతూ కిటికీలోంచి చూసి ఏ హోర్డింగు ఎవరు రాశారో నేను చెప్పగలిగేదాన్ని. ఈ దీర్ఘం ఫలానా ఆయనది, ఆ కొమ్ము ఇంకొకాయనది, ఇది మా వారిది అని. ఒకే అక్షరం ఏ ఇద్దరి చేతిలోనూ ఒకేలా ఉండేది కాదు. ఇప్పుడు అదే దారిలో ఆకాశమంత పేర్లు వెలుగుతూ ఉంటాయి. గీత వంకర లేకుండా, అంచు చెదరకుండా, ప్రతి అక్షరమూ దాని పక్కదానితో సరిగ్గా ఒకే ఎత్తులో ఉంటుంది. చూస్తూ నిలబడతాను. చదవగలుగుతాను గానీ, రాసింది ఎవరో ఎంత చూసినా పోల్చుకోలేను.